ఎవరి చేతులు సేకరించిన చరిత్ర? ల్యుబ్ల్యానా మ్యూజియంలో స్లొవేనియన్ల ఇరవయ్యో శతాబ్దం

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఇరవై లక్షల పైచిలుకు జనాభా మాత్రమే ఉన్న ఒక చిన్న దేశపు మ్యూజియం గురించి. స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో, తివోలి ఉద్యానవనాన్ని ఆనుకొని, పద్దెనిమిదో శతాబ్ది మధ్యకాలంలో లాంబెర్గ్ ప్రభువంశం వారు కట్టించుకున్న బరోక్ శైలి భవనం ఒకటి ఉంది. దానికి త్సెకిన్ భవనమని పేరు. ఆ దేశపు ఆధునిక చరిత్ర మ్యూజియం అందులోనే ఉంది. స్వతంత్ర దేశంగా ఏర్పడిన అయిదేళ్లకు, 1996లో, అక్కడ ‘ఇరవయ్యో శతాబ్దంలో స్లొవేనియన్లు’ అనే శాశ్వత ప్రదర్శనను ప్రారంభించారు. మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలై 1991 స్వాతంత్ర్యంతో ముగిసే ఆ కథనం పైకి సూటిగానే కనిపిస్తుంది. అయితే ఆ కథను చెబుతున్న సంస్థ ఎప్పుడు, ఎవరి చేత, ఎందుకోసం ఏర్పడిందో తెలియకుండా ఆ గదుల్లో తిరిగితే మనం చూసేది సగమే అవుతుందని నా నమ్మకం.

ఈ మ్యూజియం మూలాలు యుద్ధం మధ్యలో ఉన్నాయి. 1944 జనవరిలో, దేశమింకా జర్మన్ సైన్యం చేతిలో ఉండగానే, పార్టిజాన్లు, అంటే ఆక్రమణదారుల మీద పోరాడుతున్న గెరిల్లా దళాలు, విడిపించుకున్న ప్రాంతంలో, ఆ పోరాటాన్ని నడిపిన విమోచన కూటమి నాయకత్వం ఒక శాస్త్ర పరిశోధన సంస్థను నెలకొల్పి, చరిత్రకారుడు ఫ్రాన్ త్స్విటర్‌ను దానికి అధిపతిగా నియమించింది. రెండు పనులను ఆ సంస్థ తలకెత్తుకుంది. యుద్ధానంతరం సరిహద్దుల చర్చలు జరిగినప్పుడు స్లొవేనియన్ల వాదనకు ఆధారాలు సిద్ధం చేయడం మొదటిది. పోరాటానికి సంబంధించిన కరపత్రాలు, ఛాయాచిత్రాలు, చిత్రాలు, ఆదేశపత్రాలు, ఆక్రమణదారుల అత్యాచారాల ఆధారాలు పోగుచేయడం రెండోది. తిండికీ మందులకూ కటకటగా ఉన్న రోజుల్లో, రేపు బతికి ఉంటామో లేదో తెలియని మనుషులు కాగితాలను భద్రపరచాలని సంకల్పించడాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. అదే సమయంలో, ఆ సేకరణ పోరాడుతున్న ఒక పక్షం చేతులతో జరిగిందన్న సంగతిని కూడా మనం మరువకూడదు. ఎదుటి పక్షం కాగితాలు వాళ్ల దగ్గరకు వచ్చింది నేర నిరూపణకు పనికివచ్చే సాక్ష్యాలుగానే.

యుద్ధం ముగిశాక ఆ సేకరణే 1948లో జాతీయ విమోచన మ్యూజియం అయింది. 1962లో దాన్ని ప్రజా విప్లవ మ్యూజియంగా మార్చారు. విమోచన అన్నప్పుడు ఆక్రమించిన పరాయి సైన్యం మీద పోరాటమే ప్రధానం. విప్లవం అన్నప్పుడు కమ్యూనిస్టు పార్టీ అధికారంలోకి రావడమే ఆ పోరాటానికి గమ్యమని ఒప్పుకున్నట్టు. 1990లలో, యుగోస్లావియా నుంచి విడిపోయిన తరువాత, ఇదే సంస్థ ఆధునిక చరిత్ర మ్యూజియంగా కొత్త రూపం దాల్చింది. భవనం మారలేదు, గిడ్డంగిలోని వస్తువులు చాలా వరకు అవే. మారినది ఆ వస్తువులతో చెప్పవలసిన కథ. 1996 నాటి ప్రదర్శనను రూపొందించినవారి అసలు కష్టం ఇక్కడే ఉంది. ఒక పక్షం తన విజయగాథ కోసం కూడబెట్టిన సామగ్రితో వాళ్లు మొత్తం జాతి శతాబ్దాన్ని చెప్పవలసి వచ్చింది.

కథ మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలుకావడం సమంజసమే. అప్పటికి స్లొవేనియన్లకు సొంత రాజ్యం లేదు. వారు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని ప్రజలు. 1915 మే నెలలో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో సోచా నదీలోయ యుద్ధరంగమైపోయింది. 1917 శరత్తు వరకు అక్కడ పన్నెండు యుద్ధాలు జరిగాయి. పన్నెండోది, 1917 అక్టోబర్ 24న కొబారిడ్ దగ్గర మొదలైనది, ఇటలీ సైన్యాన్ని చిత్తుచేసింది. పోరు సాగిన ఊళ్ల ప్రజలను సామ్రాజ్యం లోపలి శరణార్థి శిబిరాలకు తరలించారు. ఈ రణరంగం గురించి తెలుసుకోదలచిన వారికి ల్యుబ్ల్యానాలోని గదికన్నా కొబారిడ్ పట్టణంలో 1990లో స్థాపించిన చిన్న మ్యూజియం ఎక్కువ చెబుతుంది. అది ఏ సైన్యాన్నీ కథానాయకుణ్ణి చేయకుండా, అన్ని వైపుల సైనికుల బాధనూ ఒకే తీరున చూపుతుంది. 1993లో యూరోప్ మండలి మ్యూజియం పురస్కారం దానికే దక్కింది. అయితే ఎవరి పక్షమూ వహించకుండా ఉండడం అక్కడ కొంత సులువు; అక్కడ చనిపోయినవారు, చంపినవారు ఒకే ఊరివాళ్లు కారు. ఆ సులువు 1941 తరువాతి గదులకు లేదు.

1918 అక్టోబర్ 29న ల్యుబ్ల్యానా కాంగ్రెస్ చౌకులో వేలాది ప్రజల సమక్షంలో స్లొవేనియన్లు, క్రొయేషియన్లు, సెర్బియన్ల రాజ్యం ఏర్పడిందని ప్రకటించారు. డిసెంబర్ ఒకటో తేదీకల్లా అది సెర్బియా రాజవంశం కింద, తరువాత యుగోస్లావియా అని పేరు మారిన కొత్త రాజ్యంలో కలిసిపోయింది. మరుసటి ఏడాది ల్యుబ్ల్యానాలో విశ్వవిద్యాలయం ఏర్పడింది; స్లొవేనియన్ భాషలో ఉన్నత విద్య అప్పటినుంచే. కానీ ఆ సంతోషం పక్కనే నష్టం కూడా ఉంది. 1920 అక్టోబర్ 10న ఆస్ట్రియా సరిహద్దులోని కరింథియా దక్షిణ ప్రాంతంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 59 శాతం మంది ఆస్ట్రియాలోనే ఉండాలని ఓటు వేశారు. ఆ ప్రాంతంలో అధికసంఖ్యాకులు స్లొవేనియన్ మాట్లాడేవారే అయినా ఫలితం అలా వచ్చింది. మరుసటి నెలలో కుదిరిన రపాల్లో ఒప్పందంతో మూడు లక్షలకు పైగా స్లొవేనియన్లు ఇటలీ పాలనలోకి వెళ్లారు. అంతకు కొన్ని నెలల ముందే, జూలై 13న, ట్రియెస్టెలోని స్లొవేనియన్ల సాంస్కృతిక కేంద్రమైన నరోద్ని దోమ్‌ను ఫాసిస్టులు తగలబెట్టారు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఇటలీ పాలనలోని ప్రాంతంలో స్లొవేనియన్ బడులు మూతపడ్డాయి. ఇంటిపేర్లను సైతం ఇటాలియన్‌లోకి మార్పించారు.

జాతి గురించి చెప్పదలచిన మ్యూజియానికి ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. నేటి దేశపు సరిహద్దుల్లో ఉన్నది మాత్రమే చూపాలా, లేక ఇటలీలోని ట్రియెస్టెలో, ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్‌లో, హంగరీలోని రాబా నదీతీరపు పల్లెల్లో ఉన్న స్లొవేనియన్లను కూడా కలుపుకోవాలా? ఈజిప్టులోని అలెగ్జాండ్రియా, కైరో నగరాల్లో సంపన్నుల పిల్లలను పెంచడానికి సొంత పిల్లలను వదిలి వెళ్లిన, ఇటలీ సరిహద్దు దగ్గరి గోరిత్సియా ప్రాంతపు స్త్రీలను ఏ గదిలో చూపాలి? ఆ స్త్రీలను అక్కడ అలెగ్జాండ్రింకే అని పిలుస్తారు. వారి జ్ఞాపకం కోసం ప్రువాచినా గ్రామంలో విడిగా ఒక చిన్న మ్యూజియం ఏర్పడింది. రాజధానిలోని పెద్ద కథనంలో స్త్రీల శ్రమకు, వలసకు తగిన చోటు దొరకనందువల్లే ఇలాంటి గ్రామీణ మ్యూజియాలు పుట్టుకొచ్చాయని నేను భావిస్తాను. జాతి చరిత్రను ప్రధానంగా యుద్ధాలు, ఒప్పందాలుగా మలచుకుంటే ఇళ్లనూ పొలాలనూ నిలబెట్టినవాళ్లు దానికి వెలుపలే ఉండిపోతారు.

ఇప్పుడు 1941కి వద్దాం. నా ప్రసంగంలో ఎక్కువ భాగాన్ని దీనికే కేటాయించుకున్నాను, ఎందుకంటే ఈ మ్యూజియం పరీక్షకు నిలబడేది గానీ తడబడేది గానీ ఇక్కడే. ఏప్రిల్ 6న హిట్లర్ సైన్యం యుగోస్లావియా మీద దాడి చేసింది. కొద్ది రోజుల్లోనే స్లొవేనియన్ల నేలను జర్మనీ, ఇటలీ, హంగరీ పంచుకున్నాయి. ఉత్తర భాగాన్ని తీసుకున్న జర్మనీ అక్కడి స్లొవేనియన్లను పదులవేల సంఖ్యలో ఇళ్ల నుంచి వెళ్లగొట్టి సెర్బియాకు, క్రొయేషియాకు, జర్మనీకి తరలించింది. ఉపాధ్యాయులను, మతగురువులను ముందుగా పంపించేసింది. ఏప్రిల్ 26న ల్యుబ్ల్యానాలో సాహిత్య విమర్శకుడు యోసిప్ విద్మార్ ఇంట్లో కమ్యూనిస్టులు, క్రైస్తవ సామ్యవాదులు, సోకోల్ వ్యాయామ ఉద్యమం వారు, సాంస్కృతిక రంగంలోని మేధావులు కలిసి విమోచన కూటమిని స్థాపించారు. 1942 ఫిబ్రవరి 23న ఇటలీ సైన్యం మొత్తం ల్యుబ్ల్యానా నగరం చుట్టూ ముళ్లకంచె వేసింది. లోపలికి వచ్చేవారినీ బయటికి వెళ్లేవారినీ తనిఖీ చేస్తూ ఒక రాజధాని నగరాన్నంతటినీ చెరగా మార్చిన ఆ కంచె, ఇటలీ లొంగిపోయాక జర్మన్ల చేతికి వచ్చి, 1945 మే 9 వరకు నిలిచింది. ఆ కంచె వెళ్లిన దారి వెంబడే ఇప్పుడు ముప్పై కిలోమీటర్లకు మించిన స్మారక కాలిబాట ఉంది. ఏటా మే నెలలో నగరవాసులు కుటుంబాలతో సహా దాని మీద నడుస్తారు. మ్యూజియం గోడల లోపల ఉన్న ఏ వస్తువూ ఈ నడకలాగా ఆ యుద్ధాన్ని కొత్త తరానికి అందించలేదని నా అభిప్రాయం.

పార్టిజాన్ల పోరాటాన్ని ఈ మ్యూజియం ఘనంగా చూపించడంలో తప్పులేదు. త్సెర్క్నో దగ్గర ఇరుకైన కొండ సందులో, 1943 డిసెంబర్‌లో మొదలైన ఫ్రాన్యా ఆసుపత్రి చెక్క గుడిసెల్లో గాయపడిన సైనికులకు యుద్ధాంతం దాకా చికిత్స జరిగింది. శత్రువు చేతికి ఆ చోటు చిక్కలేదు. అడవుల్లో ముద్రణాలయాలు నడిచాయి. ల్యుబ్ల్యానాలోనే రహస్య రేడియో ప్రసారాలు జరిగాయి. కాని పోరాటం మొదలైన మొదటి ఏడాది లోపలే అది అంతర్యుద్ధం కూడా అయింది. కూటమి రహస్య భద్రతా విభాగం తాను ద్రోహులుగా భావించినవారిని నగరంలో హతమార్చింది. 1942లో మతాచార్యుడు, అధ్యాపకుడు లాంబెర్ట్ ఎర్లిహ్, మాజీ ప్రాంతీయ పాలకుడు మార్కో నత్లాచెన్ అలా చనిపోయారు. కమ్యూనిస్టు వ్యతిరేకులైన కాథలిక్ గ్రామీణులు ఇటలీ సైన్యం ప్రాపకంలో గ్రామరక్షక దళాలుగా ఏర్పడ్డారు. 1943 సెప్టెంబర్‌లో జర్మన్ల ఆధ్వర్యంలో దొమోబ్రాన్సీ, అంటే స్వదేశ రక్షక సేన, ఏర్పడింది. 1944 ఏప్రిల్ 20న, హిట్లర్ పుట్టినరోజున, ల్యుబ్ల్యానా క్రీడాప్రాంగణంలో వారు జర్మన్ సైన్యం పక్కన నిలిచి పోరాడతామని ప్రమాణం చేశారు.

యుద్ధం ముగిసే నాటికి వేలాది దొమోబ్రాన్సీ సైనికులు, వారి వెంట సామాన్య ప్రజలు ఆస్ట్రియాలోని వెట్రిన్యె మైదానానికి పారిపోయి బ్రిటిష్ సైన్యానికి లొంగిపోయారు. బ్రిటిష్ వారు 1945 మే ఆఖరులో ఆ సైనికులను తిరిగి యుగోస్లావియాకు అప్పగించారు. వారిలో అత్యధికులను విచారణ లేకుండానే కాల్చి చంపి కోచెవ్‌స్కి రోగ్ అడవుల్లోని సున్నపురాయి అగాధాల్లో, పాత గనుల్లో పడేశారు. యుద్ధంవల్లా, ఆ వెంటనే జరిగిన ప్రతీకార హత్యలవల్లా దాదాపు లక్షమంది స్లొవేనియన్లు ప్రాణాలు కోల్పోయారని చరిత్రకారులు ఏళ్ల తరబడి పేరు పేరునా లెక్కగట్టి తేల్చారు.

ఈ హత్యల గురించి నలభై అయిదేళ్లపాటు బహిరంగంగా మాట్లాడనివ్వలేదు. స్వయంగా విమోచన కూటమి నాయకుల్లో ఒకరైన కవి ఎద్వర్ద్ కోత్స్‌బెక్, 1975లో ట్రియెస్టెలో అచ్చయిన ఒక సంభాషణలో ఈ విషయం బయటపెట్టినప్పుడు ఆయన మీద ప్రభుత్వం తీవ్రమైన దాడి సాగించింది. సొంత పక్షం చేసిన తప్పును సొంత పక్షంవాడే చెప్పడం ఎంత ధైర్యమో ఆ దాడిని చూస్తే అర్థమవుతుంది. 1990 జూలైలో కోచెవ్‌స్కి రోగ్ అడవిలో జరిగిన సంస్మరణ సభకు కాథలిక్ ఆర్చ్ బిషప్ అలోయ్‌జీ షుష్తార్, మాజీ కమ్యూనిస్టు నాయకుడూ అప్పటి అధ్యక్షుడూ అయిన మిలాన్ కుచాన్ కలిసి హాజరయ్యారు. 2009లో హూదా యామా గనిలో వరుస గోడలు పగలగొట్టి లోపలికి వెళ్లినప్పుడు బయటపడ్డ దేహాలు దేశమంతటినీ కలచివేశాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆ అడవి గురించే చెప్పనివ్వండి. కోచెవ్యె ప్రాంతంలో పద్నాలుగో శతాబ్దం నుంచి జర్మన్ భాషీయులు స్థిరపడి ఉండేవారు. హిట్లర్, ముస్సోలినీల ఒప్పందం ప్రకారం 1941-42 శీతకాలంలో పదకొండు వేలకు పైగా ఆ జర్మన్ గ్రామీణులను అక్కడి నుంచి తీసుకువెళ్లి, స్లొవేనియన్లను వెళ్లగొట్టి ఖాళీచేసిన సావా నదీతీరపు ఇళ్లలో పెట్టారు. అలా ఖాళీ అయిన అడవిలోనే విమోచన కూటమి నాయకత్వం తన రహస్య స్థావరం నిర్మించుకుంది. ఆ బేస్ 20 చెక్క గుడిసెలను ఇప్పటికీ సందర్శకులు చూడవచ్చు. 1943 అక్టోబర్‌లో కోచెవ్యె పట్టణంలో ప్రజాప్రతినిధుల సభ జరిగింది. యుద్ధం ముగిశాక ఆ అడవిలోని అగాధాలే హతుల సమాధులయ్యాయి. ఒకే అడవిలో వెళ్లగొట్టబడినవారు, పోరాడినవారు, చంపబడినవారు ముగ్గురూ ఉన్నారు. పాఠ్యపుస్తకాల్లోనూ ప్రదర్శనల్లోనూ ఈ మూడింటినీ మూడు వేర్వేరు అధ్యాయాలుగా విడదీస్తారు. పార్టిజాన్ స్థావరం ఒక గదిలో, సామూహిక సమాధులు మరో గదిలో, కోచెవ్యె జర్మన్లు చాలాసార్లు ఏ గదిలోనూ కనబడరు. ఆ అడవిని విడదీయకుండా ఒకే గదిలో చూపే ప్రదర్శన వచ్చినప్పుడు ఈ దేశపు చరిత్ర ఎక్కువ నిజంగా కనిపిస్తుందని నేను నమ్ముతాను.

ఇలా చెప్పేటప్పుడు ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. రెండు పక్షాలనూ చూపడమంటే రెండింటినీ సమానం చేయడమని కొందరు అనుకుంటారు. ఆక్రమణదారు పక్కన నిలిచి ప్రమాణం చేయడం, ఆక్రమణదారుతో పోరాడటం ఒకటి కావు. అలాగే విచారణ లేకుండా లొంగిపోయినవారిని చంపడం నేరమే; పోరాటం న్యాయమైనది కావడం ఆ నేరాన్ని తుడిచివేయదు. ఈ రెండు వాక్యాలూ ఒకే గోడ మీద ఉండగలగాలి. 2017లో కాంగ్రెస్ చౌకులో అన్ని యుద్ధాల బాధితుల స్మారకంగా రెండు పెద్ద కాంక్రీటు ఫలకాలను నిలబెట్టారు. ఏ పేర్లూ ఏ గుర్తులూ పెద్దగా లేని ఆ కట్టడాన్ని కొందరు సయోధ్యకు చిహ్నమన్నారు. మరికొందరు బాధ్యత ఎవరిదో చెప్పకుండా దాటవేయడమన్నారు. రెండో మాట అన్నవారి వైపు నేను మొగ్గుతాను. స్మారకం మౌనంగా ఉండవచ్చు; మ్యూజియానికి ఆ వెసులుబాటు లేదు, ఎవరు ఎవరిని ఎప్పుడు ఎందుకు చంపారో అది చెప్పి తీరాలి.

సామ్యవాద యుగపు కథను నేను త్వరగా దాటుతాను. 1948 జూన్‌లో స్టాలిన్‌తో తెగతెంపులైన తరువాత యుగోస్లావియా తన దారి తాను చూసుకుంది. 1961లో బెల్‌గ్రేడ్‌లో నెహ్రూ కూడా పాల్గొన్న అలీన దేశాల తొలి శిఖరాగ్ర సభ మన శ్రోతలకు తెలిసిందే. స్లొవేనియా ఆ సమాఖ్యలో అత్యంత పారిశ్రామిక భాగంగా ఎదిగింది. గొరెన్యె కర్మాగారపు వంటింటి యంత్రాలు, ఎలాన్ స్కీలు, కోపెర్ రేవు పట్టణపు తోమోస్ మోపెడ్‌లు, ఇస్క్రా సంస్థ కోసం దావోరిన్ సావ్నిక్ రూపకల్పన చేసిన ఇటిఎ 80 టెలిఫోన్, సాషా మెహ్తిగ్ రూపొందించిన కె67 ఎర్రటి దుకాణపు గుడిసె, ఇవన్నీ అక్కడివారికి ఇప్పటికీ ప్రియమైన జ్ఞాపకాలు. ఆ మమకారాన్ని నేను తప్పుపట్టను. కానీ 1940ల చివర ల్యుబ్ల్యానాలో జరిగిన బూటకపు విచారణల్లో నాజీల దాహౌ నిర్బంధ శిబిరం నుంచి బతికి వచ్చినవారినే గూఢచారులుగా ముద్రవేసి చంపించిన రాజ్యమూ, ఈ టెలిఫోన్లు తయారుచేసిన రాజ్యమూ ఒకటే. ఈ రెండింటి మధ్య దారిని చూపడం రంగురంగుల వస్తువుల ప్రదర్శనకన్నా చాలా కష్టమైన పని.

1988లో సైనిక రహస్య పత్రం విషయమై నలుగురిని ల్యుబ్ల్యానాలో, అదీ స్లొవేనియన్‌లో కాక సెర్బో-క్రొయేషియన్ భాషలో, యుగోస్లావియా సైనిక న్యాయస్థానం విచారించడం స్లొవేనియన్లను వేలాదిగా వీధుల్లోకి తెచ్చింది. 1990 డిసెంబర్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో మొత్తం ఓటర్లలో 88 శాతానికి పైగా స్వాతంత్ర్యాన్ని కోరుకున్నారు. 1991 జూన్ 25న స్వాతంత్ర్యం ప్రకటించాక పది రోజుల యుద్ధం జరిగింది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరిక, 2007లో యూరో నాణెం. మ్యూజియం కథ సహజంగా ఇక్కడ ఆనందంతో ముగుస్తుంది. ఆ ఆనందం నిజమైనదే, దాన్ని నేను తగ్గించను.

కానీ 1992 ఫిబ్రవరి 26న, కొత్త రాజ్యం ఏర్పడిన ఎనిమిది నెలలకే, 25,671 మందిని శాశ్వత నివాసుల జాబితా నుంచి తొలగించారు. వారిలో అధికులు యుగోస్లావియాలోని ఇతర గణతంత్రాల నుంచి వచ్చి, బొస్నియా నుంచో సెర్బియా నుంచో వచ్చి, అక్కడి గనుల్లో, కర్మాగారాల్లో పనిచేసినవారు, వారి పిల్లలు. చాలామందికి ఆ సంగతి తెలియజేయనే లేదు. ఏదో పనిమీద కార్యాలయానికి వెళితే గుర్తింపు పత్రాలకు రంధ్రాలు పొడిచి ఇచ్చారు. ఉద్యోగం, వైద్యం, పెన్షన్ పోయాయి. కొందరిని దేశం నుంచి పంపివేశారు. 2012లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం స్లొవేనియాను తప్పుపట్టింది. 2022లో అధ్యక్షుడు బోరుత్ పహోర్ రాజ్యం తరఫున క్షమాపణ చెప్పారు. జాతి విజయ కథనంలో ఈ పాతికవేల మంది కూడా ఒక గది పొందాలి. గొరెన్యె యంత్రాలను గాజు పెట్టెల్లో పెట్టినవారు, వాటిని తయారుచేసిన చేతుల్లో కొన్నింటిని తరువాత ఏం చేశారో చెప్పకుండా ఎలా ఉండగలరు?

ఇటీవలి పరిణామాలు మ్యూజియం ఎంతగా రాజకీయాల మీద ఆధారపడుతుందో చూపాయి. 2021లో అప్పటి ప్రభుత్వం స్వాతంత్ర్య సాధనకే అంకితమైన ప్రత్యేక మ్యూజియాన్ని స్థాపించింది. 2022 ఎన్నికల తరువాత వచ్చిన ప్రభుత్వం 2023 ఆరంభంలో దాన్నీ పాత ఆధునిక చరిత్ర మ్యూజియాన్నీ కలిపి ఒకే జాతీయ సంస్థను చేసింది. ప్రత్యేక మ్యూజియం ఉండాలన్నవారు దీన్ని స్వాతంత్ర్య పోరాటానికి జరిగిన అవమానంగా తీసుకొని నిరసన తెలిపారు. కలపాలన్నవారు 1991ని మిగతా శతాబ్దం నుంచి విడదీస్తే అది ఒక పార్టీ ఆస్తి అయిపోతుందన్నారు. రెండో వాదనలో నాకు బలం కనిపిస్తుంది, కానీ ఒక షరతుతో. ప్రభుత్వం మారినప్పుడల్లా మ్యూజియం నిర్మాణం కూడా మారితే అక్కడ పనిచేసే చరిత్రకారులు సందర్శకుల కోసం కాక మంత్రిత్వశాఖ కోసం రాయడం నేర్చుకుంటారు.

ఆ సంస్థకు ఎవరైనా సలహా అడిగితే నేను చెప్పేది ఒకటే. ప్రతి వస్తువు పక్కన అది ఏమిటో రాయడంతో పాటు, అది మ్యూజియంలోకి ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో కూడా రాయాలి. 1944లో అడవిలో ఒక పార్టిజాన్ భద్రపరచిన కరపత్రం, 1945లో స్వాధీనం చేసుకున్న దొమోబ్రాన్సీ టోపీ, అర్జెంటీనాకు వలస వెళ్లిన కుటుంబం 1990ల తరువాత పంపిన ఉత్తరం, ఒక కార్మికుడి రంధ్రం పడిన గుర్తింపు కార్డు, ఈ నాలుగూ నాలుగు వేర్వేరు దారుల్లో లోపలికి రావలసినవే. కార్డు తెచ్చిన మనిషి ఇంకా ఆ నగరంలోనే ఉండవచ్చు. ఆయన మాటలను ఆయన భాషలోనే, బొస్నియన్‌లోనైనా సరే, రికార్డు చేసి ఆ కార్డు పక్కనే వినిపించాలి.